చదివినట్టు చూపించిన నోటీసు

2023 వేసవి. సికింద్రాబాద్‌లో మెట్టుగూడ దగ్గర, రైల్వే క్వార్టర్లకు కాస్త ఇవతల ఉన్న ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో అప్పటికి ఇరవై రెండేళ్లుగా కామర్స్ చెబుతున్నాను. ఇరవై రెండేళ్లంటే స్థిరమైన ఉద్యోగమనుకునేరు. ప్రతి జూన్‌లో మేనేజ్‌మెంట్ ఒక కాగితం ఇస్తుంది, ఈ ఏడు కూడా ఉండండి అని. ఆ కాగితం రాని ఏడు బ్యాగు సర్దుకుని ఇంటికి పోవడమే. ఈ సంగతి ముందే చెప్పడం సాకు కోసం కాదు. చెప్పబోయేదాంట్లో నేను చేసిన పనికి సాకు లేదు.

"మీ లెక్చరర్లకేం, రోజుకు మూడు గంటల పాఠం, మిగతాదంతా ఖాళీ" అనేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. పాఠం చెప్పడం మా పనిలో ఇప్పుడు చిన్న ముక్క. ప్రతి సెక్షన్‌కూ ఒక వాట్సాప్ గ్రూప్ నడపాలి. కాలేజీ ఇన్‌స్టాగ్రామ్ పేజీలో పడ్డ ప్రతి ఫొటోనూ మా స్టేటస్‌లో పెట్టుకోవాలి, పెట్టుకున్నట్టు స్క్రీన్‌షాట్ తీసి స్టాఫ్ గ్రూప్‌లో వెయ్యాలి. అడ్మిషన్ల సీజన్ వస్తే రీల్స్ చెయ్యాలి. యాభై దాటిన మనిషిని, బ్యాలెన్స్ షీట్ మీద ముప్పై సెకన్ల రీల్ కోసం కెమెరా ముందు చేతులూపుతూ నిలబడ్డాను. అది చూసి మా అమ్మాయి రెండు రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు.

వీటన్నిటికీ మించింది ఇంకొకటుంది, 'ప్రూఫ్'. గ్రూప్‌లో ఏ నోటీసు పెట్టినా, ఒక గంట ఆగి ఆ మెసేజ్‌ను ఒత్తి పట్టుకుంటే 'ఇన్ఫో' అని వస్తుంది. దాన్ని తెరిస్తే ఎవరెవరు చదివారో పేర్ల జాబితా కనిపిస్తుంది, పక్కన నీలం టిక్కులతో. ఆ జాబితాను స్క్రీన్‌షాట్ తీసి ఫోన్‌లో దాచుకోవాలి. ముందు ఏడాది ఒక తండ్రి వచ్చి, మా వాడికి అటెండెన్స్ తగ్గిందని మాకెవ్వరూ చెప్పలేదని గొడవ చేసి, ఆ గొడవంతా వీడియో తీసి ఫేస్‌బుక్‌లో పెట్టాడు. అప్పటి నుంచి ప్రిన్సిపల్ గారి ఆర్డర్ ఇది. ఆ వీడియోలో కనిపించిన మ్యాథ్స్ లెక్చరర్‌కు జూన్ కాగితం రాలేదు. అందుకే మేమందరం నీలం టిక్కులను బంగారంలా దాచుకునేవాళ్లం. మెట్ల కింద ఉన్న నోటీసు బోర్డు అద్దానికి తాళం వేసి ఉండేది, తాళంచెవి ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలియదు.

ఆ ఏడాది నా ఫైనలియర్ సెక్షన్‌లో నవనీత అనే అమ్మాయి ఉండేది. రోల్ నంబరు నలభై ఏడు. బోయిన్‌పల్లి నుంచి రెండు బస్సులు మారి వచ్చేది. వాళ్లమ్మ యాదమ్మ అక్కడి కూరగాయల మార్కెట్లో టమాటా, పచ్చిమిర్చి డబ్బాలు కొని హాస్టళ్లకు వేసేది. తండ్రి లేడు. కాస్ట్ అకౌంటింగ్‌లో క్లాసంతా నా మొహం చూస్తూ కూర్చున్న రోజుల్లో కూడా ఈ పిల్ల చెయ్యి ఎత్తి, "మేడం, మూడో లైన్‌ల ఓవర్‌హెడ్స్ రెండు సార్లు కలిపిన్రు" అని నా తప్పు నాకే చూపించేది. అట్లాంటి పిల్లలుంటేనే ఈ ఉద్యోగంలో పొద్దున్నే లేవబుద్ధవుతుంది.

ఆ విద్యాసంవత్సరం మొదట్లో, ముందటి ఆగస్టులో అనుకుంటా, కారిడార్‌లో నన్ను ఆపింది.

"మేడం, గ్రూప్‌ల ఉన్న నంబర్ మా అమ్మది. ఫోన్ మార్కెట్‌ల ఆమెతోనే ఉంటది. నాకు ఫోన్ లేదు. ఏదన్నుంటే జెర క్లాస్‌ల చెప్పున్రి మేడం."

"సరేనమ్మా" అన్నాను. మర్చిపోతానేమోనని అక్కడే అటెండెన్స్ రిజిస్టర్ తెరిచి, నలభై ఏడో పేరు పక్కన పెన్సిల్‌తో 'తల్లి ఫోన్' అని రాసుకున్నాను. ఏడాదంతా ఏ నోటీసు వచ్చినా క్లాసులో ఒకసారి పైకి చదివేదాన్ని. ఇబ్బందేమీ రాలేదు.

ఇబ్బంది క్లాసులు అయిపోయాక వచ్చింది. ఆరో సెమిస్టర్‌లో పిల్లలు ఒక్కొక్కరు ఒక ప్రాజెక్టు చెయ్యాలి. దాని మీద ప్రశ్నలడిగి మార్కులు వేసే పరీక్ష వైవా. అడిగేది మేం కాదు, వేరే కాలేజీ నుంచి యూనివర్సిటీ పంపే ఎక్స్‌టర్నల్. పక్కన సాయంగా ఇంటర్నల్‌గా మాలో ఒకరు కూర్చోవాలి. ఆ ఏడు నేను. మొదటి ముప్పై మందికి సోమవారం, తక్కినవాళ్లకు గురువారం అని క్లాసుల చివరి రోజున బోర్డు మీద రాసి చెప్పాను. నవనీత గురువారం బ్యాచ్‌లో ఉంది.

ఆమె ప్రాజెక్టు వాళ్లమ్మ మార్కెట్ మీదే. టమాటా ధర పొద్దున ఒకటి, మధ్యాహ్నానికి ఒకటి ఎట్లా అవుతుందో, మధ్యలో పాడైపోయే సరుకు నష్టం ఎవరి నెత్తిన పడుతుందో నాలుగు నెలలు నోటుబుక్కులో రాసుకుని చేసింది. డ్రాఫ్టు చదివి నేను, "ఇది కాపీ కొట్టని ప్రాజెక్టు, నా సర్వీసులో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు" అన్నాను. సిగ్గుపడి నవ్వింది. అప్పటికే ఆమెకు క్యాంపస్ డ్రైవ్‌లో అల్వాల్ దగ్గర ఒక కంపెనీ అకౌంట్స్ సెక్షన్‌లో ఉద్యోగం వచ్చింది. అన్ని పేపర్లూ పాసైన మెమో చూపిస్తే జులై ఒకటిన చేరొచ్చు. ఒక్కటి మిగిలినా ఆ ఆఫర్ లెటర్ చెల్లదు.

శనివారం సాయంత్రం మా హెచ్‌ఓడీ రాజేశ్వర్ సార్ ఫోన్ చేశారు. "మేడం, ఎక్స్‌టర్నల్ సారుకు గురువారం వేరే డ్యూటీ పడ్డదట. సోమవారమే అందర్ని ఖతం చేద్దామంటున్నడు. గ్రూప్‌ల పెట్టెయ్యున్రి."

పెట్టేశాను. 'నోటెడ్ మేడం', 'నోటెడ్ మేడం' అని వరస కట్టి వచ్చాయి. ఒక గంటాగి ఇన్ఫో తెరిచాను. అందరి పేర్లూ చదివినవాళ్ల జాబితాలోనే ఉన్నాయి. నవనీత పేరు కూడా. స్క్రీన్‌షాట్ తీసి, హమ్మయ్య అనుకుని ఫోన్ పక్కన పెట్టాను. రిజిస్టర్‌లో పెన్సిల్‌తో రాసుకున్నది అప్పుడు నాకు గుర్తు రాలేదు. ఇది మాత్రం నిజం.

సోమవారం నలభై ఏడో నంబరు పిలిస్తే ఎవరూ లేవలేదు. మళ్లీ పిలిచాను. అప్పుడు గుర్తొచ్చింది, రిజిస్టర్‌లో పెన్సిల్‌తో రాసుకున్నది. ఎక్స్‌టర్నల్‌ను ఒక్క నిమిషం ఆగమని బయటికొచ్చి ఆ నంబరుకు ఫోన్ చేశాను. మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ చెయ్యబోతుంటే లోపలి నుంచి, "మేడం, లంచ్ లోపు అయిపోవాలి కదా" అన్నారాయన. లోపలికి వెళ్లి కూర్చున్నాను. బోయిన్‌పల్లి ఎంత దూరం? ఒక పిల్లవాడికి బండి ఇచ్చి పంపితే గంటలో వచ్చేది. ఆ మాట నోటిదాకా వచ్చింది కానీ అనలేదు. అక్కడే ఉన్న రాజేశ్వర్ సార్, "గ్రూప్‌ల పెట్టినం గద మేడం, ఇగ మనమేం జేస్తం" అన్నారు. ఆమె పేరు ఎదురుగా ఆబ్సెంట్ అని వేశాం.

మధ్యాహ్నం ఎక్స్‌టర్నల్‌కు శాలువా కప్పి, పూలకుండీ చేతికిచ్చి ఫొటో తీసుకున్నాం. అరగంటలో అది పేజీలో పడింది, ఫైనలియర్ విద్యార్థులందరి వైవా విజయవంతంగా ముగిసిందని రాసి. అందరిదీనట! ఆ పోస్టును నేనూ స్టేటస్‌లో పెట్టుకుని, పెట్టుకున్నట్టు స్క్రీన్‌షాట్ పంపాను. ఆ నంబరుకు మాత్రం మళ్లీ ఫోన్ చెయ్యలేదు.

గురువారం పొద్దున తొమ్మిదికే నవనీత వచ్చింది. చెప్పిన రోజుకే కదా. ఇస్త్రీ చేసిన కొత్త చుడీదార్, చేతిలో స్పైరల్ బైండింగ్ చేయించిన మూడు కాపీలు. ల్యాబ్ ముందు మెట్ల మీద ఒక్కతే కూర్చుని ఏదో మననం చేసుకుంటోంది. నన్ను చూసి లేచి నిలబడింది.

"గుడ్ మార్నింగ్ మేడం. ఎక్స్‌టర్నల్ సార్ ఇంక రాలేదా? మావోళ్లు సుత ఎవ్వరు రాలే."

సోమవారమే అయిపోయిందని చెప్పాను. ఆ పిల్ల ఏడవలేదు. "మరి నాకు ఎవ్వరు చెప్పలే గద మేడం" అంది. మళ్లీ అదే మాట అంది.

దారి లేకపోలేదు. మార్కులు యూనివర్సిటీ పోర్టల్‌లో ఎక్కించడానికి శనివారం దాకా గడువుంది. సమాచారం అందించడంలో పొరపాటు కాలేజీదేనని ప్రిన్సిపల్ ఒక లెటర్ రాస్తే, ఎక్స్‌టర్నల్‌ను మళ్లీ పిలిపించి ఒక్క పిల్లకు వైవా పెట్టొచ్చు. గతంలో పెట్టిన సందర్భాలున్నాయి. పొరపాటు కాలేజీది అంటే ఆ కాగితంలో ఎవరి పేరుంటుందో అందరికీ తెలుసు. నెలాఖరు, ముందున్నది జూన్.

శుక్రవారం యాదమ్మను వెంటబెట్టుకుని వచ్చింది నవనీత. ప్రిన్సిపల్ గారి గదిలో మేం ఐదుగురం. టేబుల్ మీద నా స్క్రీన్‌షాట్ ప్రింటు ఉంది. అది రాజేశ్వర్ సార్ ముందు రోజే నా దగ్గర అడిగి తీసుకున్నారు. నవనీత పేరు కింద ఎర్ర పెన్నుతో గీత గీసి ఉంది.

"చూడమ్మా, మెసేజ్ మీ ఫోన్ల ఓపెన్ అయింది. శనివారం రాత్రి కాకముందే చదివినట్టు ఉంది" అన్నారు ప్రిన్సిపల్ గారు.

యాదమ్మ బొడ్లో దోపుకున్న సంచిలోంచి ఫోన్ తీసి టేబుల్ మీద పెట్టింది. అద్దం పగిలి, మీద పసుపు మరకలు. "నాకు సదువు రాదు సారూ. మా సేటు రేట్లు గీ వాట్సాప్‌ల మాటతోని పంపుతడు. ఆ పచ్చ చుక్కలు శానా ఉంటే సేటు మెసేజు ఏడుందో నాకు దొర్కది. అందుకని అన్నీ ఒక్కొక్కటి ఒత్తి తీస్త. ఏముందో నాకేం ఎర్క? గండ్ల నా బిడ్డ పరీక్ష ఉన్నదని ఎవరన్న చెప్తిరా?"

"సాయంత్రం ఫోన్ నీ చేతికి వస్తది గదా అమ్మా?" అని నవనీతను అడిగారు.

"వస్తది సార్. కని కొత్తవి ఉన్నట్టు చూపియ్యలే. అమ్మ అప్పటికే ఒత్తేసింది. లిస్ట్‌ల శానా కిందికి పోయింది. నేను గురువారమే అని ప్రిపేర్ అయితున్న" అంది. తర్వాత నా వైపు తిరిగి, "మేడంకు తెల్సు సార్. ఆ నంబర్ అమ్మదని నేను ముందే చెప్పిన" అంది.

ప్రిన్సిపల్ గారు నా వైపు చూశారు. ఆయన చెడ్డ మనిషి కాదు, తప్పించుకోవడం అలవాటైన మనిషి. "మెర్సీ మేడం, మీకు ముందే తెల్సా? తెలిసి విడిగ చెప్పకపోతే డిపార్ట్‌మెంట్ మిస్టేక్ అయితది, నేను లెటర్ రాయాల్సి వస్తది. తెల్వదంటే వాళ్ల మిస్టేక్. జెర క్లియర్‌గ చెప్పున్రి."

ఇంతకన్నా సూటిగా ఎవరూ అడగరు. తెలుసు అనే మూడక్షరాలు చాలు. రాజేశ్వర్ సార్ కిటికీ బయటికి చూస్తున్నారు. నా ఒళ్లో బ్యాగుంది, బ్యాగులో రిజిస్టర్ ఉంది. ఆ గదిలో కూర్చున్నంతసేపూ నా కళ్లముందు ఆ మ్యాథ్స్ లెక్చరర్ మెదులుతున్నాడు, ఇంట్లో ఇంజనీరింగ్ చదువుతున్న నా కూతురు మెదులుతోంది. ఎదురుగా నిలబడ్డ కూతురు మాత్రం కనిపించలేదు.

"నాకు గుర్తులేదు సార్" అన్నాను.

నవనీత గబుక్కున, "మేడం! కారిడార్‌ల చెప్పిన గద. మీరు రిజిస్టర్‌ల రాస్కున్నరు సుత, నా ముంగటనే" అంది. గొంతులో కోపం లేదు. నిజంగానే నాకు మరుపొచ్చిందనుకుని గుర్తు చేస్తోంది. అదే నన్ను ఇప్పటికీ తినేస్తుంది. నేను అబద్ధమాడతానని ఆ పిల్లకు ఆ క్షణందాకా తోచలేదు.

"రోజూ ఎంతోమంది చెబుతుంటారమ్మా. అందరివీ ఎక్కడ గుర్తుంటాయి?" అన్నాను.

అప్పుడు ఆమె నన్ను చూసింది. యాదమ్మే, "మేడం, మీరు జెర మళ్ల యాది చేస్కోండ్రి. నౌకరీ పోతది నా పిల్లకు. మీ కాల్మొక్త" అంటూ నిజంగానే వంగబోయింది. నవనీత తల్లి రెక్క పట్టుకుని పైకి లేపింది. "వద్దమ్మ, నడువ్. పోదాం" అంది.

ఆ రిజిస్టర్ తియ్యమని ప్రిన్సిపల్ గారు అడగలేదు. అడిగితే తియ్యాల్సి వస్తుందని ఆయనకూ తెలుసనుకుంటాను. వాళ్లు వెళ్లాక స్టాఫ్ రూమ్‌లో నా కుర్చీలో కూర్చుని రిజిస్టర్ తెరిచాను. నలభై ఏడో పేరు పక్కన 'తల్లి ఫోన్' అని నా చేతిరాతే, చక్కగా. డ్రాయర్‌లోంచి రబ్బరు తీసి చెరిపాను. పొట్టు ఊదేశాను. పక్కన ఇంగ్లీషు మేడం టిఫిన్ బాక్సు మూత తీస్తూ, "రా, పులిహోర తెచ్చాను" అంది. వెళ్లి తిన్నాను. తినగలిగాను, అంత సిగ్గులేని మనిషిని.

తర్వాత రిపోర్టు రాసిచ్చాను. సమాచారం నిర్ణీత విధానంలో పంపబడినది, విద్యార్థిని ఇచ్చిన నంబరులో చదవబడినది, ప్రూఫ్ జతచేయడమైనది. అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు, చదివితే ఎవరికీ తప్పు కనబడదు. జూన్‌లో నాకు కాగితం వచ్చింది. నవనీత అన్ని పేపర్లూ మంచి మార్కులతో పాసై, ప్రాజెక్టులో ఆబ్సెంట్‌తో ఆగిపోయింది. ఆ వైవా మళ్లీ తర్వాతి ఏడాది జూనియర్లతోనే. జులై ఒకటి వచ్చింది, పోయింది. ఆ కంపెనీ ఆమె సీటు ఇంకొకరికిచ్చింది.

మరుసటి వేసవిలో నవనీత వచ్చింది. వైవా ఇంటర్నల్ ఆ ఏడు కూడా నేనే. పిల్ల చిక్కిపోయింది. ఒక బట్టల షాపులో బిల్లింగ్ కౌంటర్ దగ్గర పని చేస్తోందని వాళ్లూ వీళ్లూ అనుకోగా విన్నాను. స్టాఫ్ రూమ్ గుమ్మం దగ్గరే నిలబడి, "జూనియర్స్ వైవా ఎప్పుడు మేడం?" అని అడిగింది.

చెప్పాను. లేచి దగ్గరికెళ్లి, "లోపలికి రా నవనీతా, కూర్చో. అప్పుడు నేను..." అన్నాను.

"డ్యూటీకి టైం అయితాంది మేడం" అంది. కోపంగా కాదు, బస్సు కండక్టరుతో మాట్లాడినట్టు అంది.

"నీకిప్పుడు ఫోనుందిగా? నంబరివ్వు. తేదీ మారితే నేనే స్వయంగా ఫోన్ చేసి చెబుతాను. ఒట్టు."

"వద్దు మేడం." బ్యాగులోంచి ఒక చిన్న నోటుబుక్కు తీసి నా ముందు పెట్టింది. పైన ఆమె పేరు, రోల్ నంబరు అప్పటికే రాసి ఉన్నాయి. "గిండ్ల తేదీ, టైం రాసి, నాకు చెప్పినట్టు సంతకం పెట్టున్రి. మారితే మళ్లొస్త, మళ్ల పెట్టున్రి."

స్టాఫ్ రూమ్‌లో నలుగురున్నారు. అందరూ ఏదో పనిలో ఉన్నట్టు తలలు వంచుకున్నారు. రాశాను, సంతకం పెట్టాను. ఆమె బుక్కు తిప్పుకుని అక్షరం అక్షరం చదివింది. "ఇయ్యాల్టి తేదీ సుత వెయ్యున్రి మేడం" అంది. వేశాను. ఫోన్ తీసి ఆ పేజీని ఫొటో తీసుకుంది. సరిగ్గా వచ్చిందో లేదో పెద్దది చేసి చూసుకుంది. ఎక్కడా తొణకలేదు.

వైవాలో ఎక్స్‌టర్నల్ అడిగిన ప్రతిదానికీ జవాబు చెప్పింది. ఈ సబ్జెక్టు ఇంత బాగా ఎవరు చెప్పారమ్మా అని ఆయన మెచ్చుకుంటూ అడిగితే, నా వైపు చూడకుండా, "మా మేడమే సార్" అంది.

ఉద్యోగంలో ఈ కేసు నేర్పిందేమిటని అడుగుతారు ఇట్లాంటివి చదివేవాళ్లు. నాకేమీ నేర్పలేదు. నేను ఇప్పటికీ స్క్రీన్‌షాట్లు తీసి దాచుకుంటూనే ఉన్నాను, జూన్ వస్తే కాగితం కోసం చూస్తూనే ఉన్నాను. నేర్చుకున్నది ఆ పిల్ల. మేడం మాట నమ్మకూడదని, రాయించుకుని సంతకం తీసుకోవాలని నేర్చుకుంది. అది నేనే నేర్పాను, మా ప్రిన్సిపల్ గారి గదిలో, వాళ్లమ్మ చూస్తుండగా.